కడుపులో పుండు: గ్యాస్ బిళ్ళను సరిగా వాడుకుందాం

వేసవిలో ఒక రోజు కొల్లేటి లంకల వైపు నుండి ఒక పెద్దాయన మా ఓ.పి.కి వచ్చారు. అరవై దాటిన మనిషి. కొడుకు మోటారు సైకిలు మీద తీసుకువచ్చాడు. నాలుగు రోజులుగా కళ్ళు తిరుగుతున్నాయనీ, పది అడుగులు వేస్తే ఆయాసం వస్తోందనీ చెప్పారు. కనురెప్ప క్రిందికి లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. విరేచనం ఏ రంగులో అవుతోందని అడిగితే కాస్త మొహమాటపడి, "తారులాగా నల్లగా అవుతందండి" అన్నారు. రక్త పరీక్షలో హీమోగ్లోబిన్ 6 గ్రాములే ఉంది.

ఏమేం మందులు వాడుతున్నారో చూపమంటే ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద గుమ్మరించారు. అందులో మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్ బిళ్ళలు ఉన్నాయి. ఐదారేళ్ళుగా రోజూ వాడుతున్నారు. దానితోపాటు ఒమెప్రజోల్ గొట్టాలు, అంటే మనందరం "గ్యాస్ బిళ్ళ" అని పిలుచుకునేవి కూడా ఉన్నాయి. ఎండోస్కోపీలో చిన్న ప్రేగు మొదటి భాగంలో పుండు, దాని నుండి రక్తం కారిన గుర్తులు కనబడ్డాయి. ఆ సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "గేస్ బిళ్ళ ఏసుకుంటానే ఉన్నానండి. అయినా పుండెలా వచ్చిందండి?"

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. ఇది చదువుతున్న మీలో చాలామంది ఇంట్లో, దేవుని వాక్యం ప్రక్కనో టీవీ ప్రక్కనో, ఒక గ్యాస్ బిళ్ళల అట్ట ఉండే ఉంటుంది. అందుకే ఈసారి ఈ మందు గురించి కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

పుండు ఎందుకు పడుతుంది?

మన కడుపులో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. మాంసాన్ని కూడా జీర్ణం చేయగల ఆ ఆమ్లం కడుపునే తినేయకుండా లోపలి గోడ మీద జిగురు పొర ఒకటి కాపాడుతూ ఉంటుంది. ఆ పొర దెబ్బతిన్న చోట ఆమ్లం గోడను కొరుకుతుంది. అదే పుండు, లేక అల్సరు. అది కడుపులో పడవచ్చు, కడుపు దాటగానే వచ్చే చిన్న ప్రేగు మొదటి భాగంలోనూ పడవచ్చు. పుండు లోతుగా వెళ్ళి రక్తనాళాన్ని తాకితే రక్తస్రావం అవుతుంది. గోడకు పూర్తిగా రంధ్రం పడితే కడుపులో ఉన్నదంతా పొట్ట లోపలికి చిమ్ముతుంది. అప్పుడు గంటల్లో ఆపరేషను చేయకపోతే ప్రాణం నిలవదు.

దక్షిణ భారతదేశంలో ఈ జబ్బుకు, మిషను ఆసుపత్రులకు పాత సంబంధం ఉంది. 1922లోనూ 1924లోనూ ఎవరెస్టు శిఖరం మీదికి వెళ్ళిన బృందాల్లో సభ్యుడైన డాక్టర్ హోవార్డ్ సోమర్వెల్ తిరువాన్కూరు దక్షిణాన నెయ్యూరు మిషను ఆసుపత్రిలో సర్జనుగా స్థిరపడ్డారు. అక్కడ ఆయన చేసిన ఆపరేషన్లలో చిన్న ప్రేగు పుండుకు చేసినవి ఎన్నో ఉన్నాయి. తరువాత 1950, 60లలో మైసూరు హోల్డ్స్‌వర్త్ మిషను ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ ఫ్రాంక్ టోవీ దేశమంతటి లెక్కలు చూసి, గోధుమలు తినే ఉత్తరాది కంటే అన్నం తినే ప్రాంతాల్లో ఈ పుండు చాలా ఎక్కువని గుర్తించారు. కారణం తిండిలో ఉందేమోనని ఆయన ఎన్నో ఏళ్ళు వెతికారు. ఆ రోజుల్లో పుండు ముదిరితే కడుపును, ప్రేగును కోసి కలపడం తప్ప గట్టి వైద్యం లేదు. మీ తాతగారి పొట్ట మీద నిలువుగా పొడుగాటి కుట్ల మచ్చ ఉంటే అది బహుశా ఇదే కావచ్చు.

1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు పుండు ఉన్నవారి కడుపు పొరలోంచి వంపు తిరిగిన ఒక సూక్ష్మజీవిని పెంచి చూపించారు. అంత ఘాటైన ఆమ్లంలో ఏ క్రిమీ బ్రతకదని అప్పటిదాకా అందరూ నమ్మేవారు. ఎవరూ ఒప్పుకోకపోయేసరికి మార్షల్ 1984లో ఆ క్రిమి ఉన్న ద్రావణాన్ని తానే త్రాగి, కడుపు జబ్బు తెచ్చుకుని నిరూపించారు. (ఇంట్లో చెప్పకుండా చేశారట. ఏ భార్య ఒప్పుకుంటుంది?) దాని పేరు హెలికోబాక్టర్ పైలోరీ. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవారి నుండి, అపరిశుభ్రమైన నీటి నుండి, చేతుల నుండి కడుపులోకి చేరుతుంది. మన దేశంలో పెద్దవారిలో సగం మందికి పైగా ఉంటుంది. చాలామందికి జీవితమంతా ఏ బాధా ఉండదు. కొందరికి మాత్రం పుండు పడుతుంది, బహు కొద్దిమందిలో కడుపు క్యాన్సరుకు దారి తీస్తుంది.

పుండుకు రెండవ పెద్ద కారణం నొప్పి బిళ్ళలు. దాదాపు అన్ని పుండ్లకూ కారణం ఈ రెంటిలో ఒకటి, లేదా రెండూ. ఆవకాయ వల్ల పుండు పడదు. కారం తింటే ఉన్న పుండు మండవచ్చు, అంతే. దిగులు వల్లనే పుండు వచ్చిందనడం కూడా సరికాదు. "కోడలు పెట్టే బెంగ వల్ల అల్సరు వచ్చింది" అని మా దగ్గర చెప్పుకున్న అత్తగారికి పరీక్ష చేస్తే క్రిమి కనబడింది. కోడలు మొహం ఆ రోజు చూడవలసింది.

గ్యాస్ బిళ్ళ చేసే పని

మొదట, దీనికి గ్యాస్‌తో సంబంధం లేదు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఇసోమెప్రజోల్ అన్నీ ఒకే కుటుంబం. 1988లో ఒమెప్రజోల్ మొదట బజారులోకి వచ్చింది. కడుపు గోడలో ఆమ్లాన్ని బయటికి తోడే చిన్న చిన్న పంపులు ఉంటాయి. చెరువుకు నీళ్ళు తోడే మోటారులాంటివి అనుకోండి. ఈ మందు ఆ మోటార్లను ఆపేస్తుంది. ఆమ్లం తగ్గితే పుండు దానంతట అదే పూడుతుంది.

అయితే మందు పనిచేసేది అప్పటికి తిరుగుతున్న మోటారు మీద మాత్రమే. మనం అన్నం ముందు కూర్చున్నప్పుడే మోటార్లు ఎక్కువగా ఆన్ అవుతాయి. ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. అందుకే టిఫినుకు అరగంట నుండి గంట ముందు, పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటే చాలా భాగం వృథా అవుతుంది. మన పెద్దాయన అలాగే వేసుకుంటున్నారు, అదీ మంట పుట్టిన రోజున మాత్రమే. ఈ మందు మంట పుట్టినప్పుడు వేసుకునేది కాదు. ఒక్క బిళ్ళతో మోటార్లన్నీ ఆగవు, పూర్తి గుణం కనబడడానికి మూడు నాలుగు రోజులు వరుసగా వేసుకోవాలి.

గొట్టం లోపల ఉండే చిన్న గుండ్రటి గింజలకు పైపూత ఉంటుంది. ఆ పూత లేకపోతే మందు కడుపులోని ఆమ్లంలోనే పాడైపోతుంది. కనుక గొట్టం విప్పి గింజలు నమలకూడదు, బిళ్ళను నూరకూడదు. మింగలేనివారు ముందుగా చెప్పండి, వేరే మార్గం చూస్తాము.

ఎన్నాళ్ళు? చిన్న ప్రేగు పుండుకు సాధారణంగా నాలుగు వారాలు, కడుపులోని పుండుకు ఎనిమిది వారాలు. మూడో రోజుకే మంట తగ్గుతుంది గాని పుండు అప్పటికి పూడదు. "తగ్గింది కదా" అని మానేయడం ఒక పొరపాటు. నాలుగు వారాలకని వ్రాసిన చీటీతో నాలుగేళ్ళు కొనుక్కుంటూ పోవడం దానికి ఎదురు పొరపాటు. మా అనుభవంలో ఈ రెండవదే ఎక్కువ. చట్టప్రకారం డాక్టరు చీటీ మీద అమ్మవలసిన మందే అయినా అడిగితే ఇచ్చే దుకాణాలకు కొదవ లేదు.

కడుపులో పుండు ఉన్నవారు మాత్రం మందు అయ్యాక మళ్ళీ ఎండోస్కోపీకి రావాలి. క్యాన్సరు కూడా పైకి పుండులాగే కనబడవచ్చు. గ్యాస్ బిళ్ళ వేసుకుంటే దాని నొప్పి కూడా కొన్నాళ్ళు తగ్గుతుంది. మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇలా నెలల తరబడి సొంత వైద్యంతో ఆలస్యమై వచ్చిన కేసులే.

క్రిమిని చంపకపోతే పుండు తిరిగి వస్తుంది

క్రిమి ఉన్న మనిషికి గ్యాస్ బిళ్ళ ఒక్కటే ఇస్తే పుండు పూడుతుంది, మానేసిన కొన్ని నెలలకు మళ్ళీ పడుతుంది. పూర్వం ఏటేటా చలికాలంలో అల్సరు తిరగబెట్టేదని చెప్పుకునేవారు ఇలాంటివారే.

క్రిమి ఉందో లేదో ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి గాని, మల పరీక్ష వల్ల గాని, శ్వాస పరీక్ష వల్ల గాని తెలుస్తుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. పరీక్షకు రెండు వారాల ముందు నుండి గ్యాస్ బిళ్ళ ఆపాలి, యాంటీబయాటిక్కులు నాలుగు వారాల ముందు నుండి ఆపాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు వస్తుంది. ఆపే ముందు మాత్రం డాక్టరును అడగండి. రక్తం కారుతున్న పుండు ఉన్నవారు సొంతంగా ఆపకూడదు.

క్రిమి ఉంటే గ్యాస్ బిళ్ళతోపాటు రెండు యాంటీబయాటిక్కులు, చాలాసార్లు బిస్మత్ అనే మందు కూడా కలిపి 14 రోజులు ఇస్తాము. రోజుకు చాలా బిళ్ళలు మింగవలసి వస్తుంది. నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. బిస్మత్ వల్ల విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడనవసరం లేదు. అయితే నల్లటి విరేచనంతోపాటు కళ్ళు తిరిగితే, ఆయాసం వస్తే, జిగటగా తారులా దుర్వాసనతో అయితే అది బిస్మత్ అనుకుని ఊరుకోవద్దు. మెట్రోనిడజోల్ వాడే రోజుల్లో మద్యం ఒక్క చుక్క కూడా పనికిరాదు. ఏడో రోజుకు విసుగొచ్చి మానేస్తే క్రిమి చావదు సరికదా, ఆ మందుకు లొంగని రకంగా తయారవుతుంది. మన దేశంలో ఇప్పటికే కొన్ని మందులకు చాలావరకు లొంగడం లేదు. జ్వరానికీ జలుబుకూ యాంటీబయాటిక్కులు కొనుక్కుని మింగిన దాని ఫలితమే ఇందులో ఎక్కువ.

ఈ కోర్సులో వాడే మందుల్లో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుండి వెలువడింది. మట్టిలోని సూక్ష్మజీవి నుండి దానిని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించినది మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్భిణీ స్త్రీలకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు మాత్రం టెట్రాసైక్లిన్ ఇవ్వకూడదు.

కోర్సు అయిన నాలుగు వారాల తరువాత మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. బాధ తగ్గింది కదా అని చాలామంది రారు. దయచేసి రండి.

నొప్పి బిళ్ళల సంగతి

చేపల చెరువుల పట్టుబడికి రాత్రంతా నీళ్ళలో నిలబడి వలలు లాగేవారు, గూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలు, నడుము వంచి నాట్లు వేసే అక్కచెల్లెళ్ళు. వీరికి ఒళ్ళు నొప్పులు నిజం. మరునాడు పనికి వెళ్ళకపోతే కూలి లేదు. "నొప్పి బిళ్ళ మానండి" అని చల్లటి గదిలో కూర్చుని చెప్పడం మాకు తేలికే. అందుకని ఏది ఎంత ప్రమాదమో చెబుతాము.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పైరాక్సికామ్, నిమెసులైడ్ అన్నీ కడుపు జిగురు పొరను పలచబరిచేవే. ఇవి కడుపులో పడి కొరికేవి మాత్రమే కావు. రక్తంలో కలిసి ఆ పొర తయారు కాకుండా చేస్తాయి. కాబట్టి "సూది వేయించుకుంటే కడుపుకేమీ కాదు" అన్నది వట్టి అపోహ. నడుములో వేసిన సూది వల్ల కూడా కడుపులో పుండు పడుతుంది. రంగురంగుల బిళ్ళలు పొట్లం కట్టి ఇస్తే అందులో ఏమున్నాయో తప్పక అడగండి. స్టెరాయిడు, నొప్పి బిళ్ళ కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

అరవై దాటినవారు, ఇదివరకు పుండు పడినవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు వీటిని ముట్టుకోకపోవడమే మంచిది. కాలేయం బాగున్న పెద్దవారికి పారాసిటమాల్ తగిన మోతాదులో చాలావరకు సరిపోతుంది. మోకాళ్ళకు తొడ కండరాల వ్యాయామం, ఎదుటి చేతిలో ఊతకర్ర కూడా బిళ్ళంత మేలు చేస్తాయి. నొప్పి బిళ్ళ తప్పనిసరైతే తక్కువ మోతాదు, తక్కువ రోజులు, రోజూ టిఫినుకు ముందు గ్యాస్ బిళ్ళతో. అప్పుడు పుండు ప్రమాదం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. మూత్రపిండాలకు, గుండెకు నొప్పి బిళ్ళ చేసే చెరుపును మాత్రం గ్యాస్ బిళ్ళ ఏమాత్రం ఆపలేదు.

గుండెకు వేసుకునే చిన్న ఆస్పిరిన్ వేరే విషయం. ఇది చదివి దాన్ని మానేయవద్దు. మానేస్తే గుండెపోటు రావచ్చు. మీ డాక్టరుతో మాట్లాడండి.

ఏళ్ళ తరబడి వాడితే

కొందరికి గ్యాస్ బిళ్ళ దీర్ఘకాలం అవసరమే. ఆస్పిరిన్ తప్పనివారు, రక్తస్రావం అయినవారు, అన్నవాహిక బాగా దెబ్బతిన్నవారు అలాంటివారు. వారు భయపడి ఆపకూడదు. అవసరం లేనివారు ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిను, మెగ్నీషియం తగ్గవచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 రెండు వైపులా తగ్గుతుంది, కాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి. ఎముకలు బలహీనపడడం, ప్రేగుల ఇన్ఫెక్షన్లు, అరుదుగా మూత్రపిండాల వాపు కూడా రావచ్చు. గుండె స్టెంటు కోసం క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్ వాడకూడదు. వారికి పాంటోప్రజోల్ మంచిది. డోమ్‌పెరిడాన్ కలిపిన గొట్టాలు ఎక్కువగా అమ్ముడవుతున్నాయి. వాంతి, వికారం లేనివారికి దాని అవసరం లేదు. అది కొందరిలో గుండె లయను చెడగొడుతుంది.

మానేయాలనుకున్నప్పుడు ఒక చిక్కు ఉంది. రెండు మూడు నెలలు వాడి ఒక్కసారి ఆపితే ఆగిన మోటార్లన్నీ ఒకేసారి తిరిగి, కొన్ని వారాలు మంట ముందుకంటే ఎక్కువ అవుతుంది. జబ్బు తిరగబెట్టిందని భయపడి మళ్ళీ మొదలుపెడతారు. అలా చాలామందికి ఇది అలవాటుగా మిగిలిపోయింది. మోతాదు మెల్లగా తగ్గించి, మధ్యలో మంట పుడితే తెల్లటి యాంటాసిడ్ మందుతో సర్దుకుంటే ఆ వారాలు గడిచిపోతాయి.

పాత చీటీల్లో రానిటిడిన్ ఉంటుంది. దానిలో క్యాన్సరు కారకమనే అనుమానం ఉన్న కల్మషం కనబడడంతో 2020లో అమెరికా బజారు నుండి తొలగించింది, మన దేశం 2022లో అత్యవసర మందుల జాబితా నుండి తీసివేసింది. ఇంట్లో పాత అట్ట ఉంటే వాడకండి.

పుండు మీద పూతలా అతుక్కునే సుక్రాల్‌ఫేట్ మందును భోజనానికి గంట ముందు త్రాగాలి. అది మిగతా మందులను కూడా పట్టి ఉంచుతుంది కనుక వాటికీ దీనికీ రెండు గంటలు, థైరాయిడు బిళ్ళకు నాలుగు గంటలు ఎడం ఇవ్వండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అడగకుండా వాడకూడదు. మిసోప్రోస్టాల్ అనే మందును, అది కలిపిన నొప్పి బిళ్ళలను గర్భిణులు ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు, గర్భం పోతుంది.

ఉపవాసం, పాలు, ఇంకా కొన్ని

శ్రమల దినాల్లో ఉపవాసం ఉండవచ్చా అని చాలామంది అడుగుతారు. పుండు పూర్తిగా పూడినవారు ఉండవచ్చు. సాయంత్రం ఉపవాసం విడిచే అరగంట ముందు గ్యాస్ బిళ్ళ వేసుకోవాలి. ఖాళీ కడుపున నొప్పి బిళ్ళ మింగకూడదు. పుండు ఉండగా, ముఖ్యంగా రక్తస్రావం అయిన తరువాత, ఆ ఏటికి ఉపవాసం వద్దు. సంగతి చెబితే మీ పాస్టరుగారే వద్దంటారు.

పాలు త్రాగితే మంట చల్లారినట్టు ఉంటుంది గాని కాసేపటికి ఆమ్లం ఇంకా ఊరుతుంది. గోలీసోడా త్రేన్పు తెప్పిస్తుంది, పుండును మాన్పదు. బీడీ, సిగరెట్టు పుండును మానకుండా చేస్తాయి. ఇక తిమోతికి పౌలు వ్రాసిన మాట పట్టుకుని "కడుపు కోసం కొంచెం పుచ్చుకోవచ్చు కదండీ" అని నవ్వుతూ అడిగేవారు ప్రతి ఊరిలో ఒకరుంటారు. పుండు పడిన కడుపుకు కల్లు గాని, బ్రాందీ గాని మందు కాదండి.

వెంటనే రావలసిన గుర్తులు

రక్తం లేక కాఫీ పొడిలాంటి వాంతి, తారులాంటి విరేచనం, కళ్ళు తిరిగి పడిపోవడం, కత్తితో పొడిచినట్టు ఒక్కసారిగా వచ్చి పొట్ట చెక్కలా బిగుసుకునే నొప్పి. వీటిలో ఏది వచ్చినా ఇంకో గ్యాస్ బిళ్ళ వేసుకుని తెల్లవారే దాకా చూడవద్దు. 108కి ఫోను చేయండి. లంకల నుండి, వానల్లో గట్లు మునిగే ఊళ్ళ నుండి రావడానికి ఎంతసేపు పడుతుందో మీకే తెలుసు, అందుకే ముందుగా బయలుదేరండి. నోటితో ఏమీ ఇవ్వవద్దు. యాభై దాటాక కొత్తగా అజీర్తి మొదలైనా, బరువు తగ్గుతున్నా, ముద్ద దిగకపోయినా గ్యాస్ అనుకోకుండా ఎండోస్కోపీ చేయించుకోండి.

మన పెద్దాయనకు రక్తం ఎక్కించి, సూది ద్వారా మందు ఇచ్చి నిలబెట్టాము. పరీక్షలో క్రిమి కూడా ఉంది, అంటే రెండు కారణాలూ ఆయనలోనే ఉన్నాయి. 14 రోజుల కోర్సు కొడుకు దగ్గరుండి మింగించాడు. మోకాళ్ళకు ఇప్పుడు పారాసిటమాల్, ఊతకర్ర. క్రిమి పోయిందో లేదో చూడడానికి, గ్యాస్ బిళ్ళ ఆపి రెండు వారాలు ఆగి మల పరీక్షకు రమ్మన్నాము. చెప్పిన రోజున వచ్చారు, క్రిమి పోయింది. ఈసారి కవరులో రెండే అట్టలు ఉన్నాయి. మీరు వచ్చేటప్పుడు కూడా ఇంట్లో ఉన్న అట్టలన్నీ, ఖాళీవైనా సరే, అదే కవరులో వేసుకుని తీసుకురండి.